ఏడాది నిండిన అక్వేరియం

మ్యూనిక్‌లో మనిషికి ఇల్లు దొరకడమే కష్టమనుకునేవాళ్ళు ఒకసారి చేపకి ఇల్లు వెతికి చూడాలి.

శనివారం మధ్యాహ్నం హారిక, శశికాంత్ అక్వేరియం షాపులో గంట నుంచి నిలబడి ఉన్నారు. ఇంట్లో ఉన్న రెండు క్లౌన్ ఫిష్‌లకి ఒక సీ ఎనిమోన్ కావాలి. చూడ్డానికి పువ్వులా ఉంటుంది గానీ అదీ ఒక ప్రాణే. దాని వేళ్ళలాంటి విషపు తీగలు తగిలితే వేరే చిన్న చేపలు చస్తాయి. క్లౌన్ ఫిష్ మాత్రం వాటి మధ్యే కాపురం పెడుతుంది.

"అగో, అది పెద్దగుంది. తీస్కుందామా?" శశికాంత్ తివాచీలాంటిదాన్ని చూపించాడు.

"వద్దు. అది ట్యాంకంతా ఆక్రమిస్తుంది. ఏమరుపాటుగా ఉంటే చేపల్నే మింగేస్తుంది. పక్కన చూడు, వేళ్ళ చివర బుడగలున్నాయే, ఆ రకం."

"ఆ తెల్లది మంచిగుంది కద."

"తెల్లగా ఉందంటే జబ్బు చేసినట్టు. ఆ గోధుమరంగుది చూడు. నోరు గట్టిగా మూసుకుంది. అడుగు ఎక్కడా చిరగలేదు."

షాపు యజమాని బాయర్ వచ్చాడు. ట్యాంకు పెట్టి ఎన్నాళ్ళయిందని అడిగాడు. ఏడాది నిండనిదే ఆయన ఎనిమోన్ అమ్మడు. కొత్త నీళ్ళలో అది బతకదట.

"ఏడాది దాటింది" అన్నారిద్దరూ.

"అయితే సరే. మీ ఆవిడకి బాగానే తెలుసు" అన్నాడు బాయర్ శశికాంత్‌తో.

"ఒకే ఇంట్లో ఉంటాం, అంతే" అంది హారిక.

బాయర్ సారీ చెప్పాడు. మ్యూనిక్ అద్దెలు ఆయనకి తెలియనివి కావు.

నిజమే, ఒకే ఇల్లు, చెరో గది. ఫ్రిజ్‌లో పై అర ఆమెది, కింది అర అతనిది. ఎవరి వంట వాళ్ళది, ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కోవాలి. ఈ రూల్స్ పెట్టుకున్న కొత్తలో ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని శశికాంత్ ఈ అక్వేరియం తెచ్చి హాల్లో పెట్టాడు. మోటారు చప్పుడైనా ఉంటుందని. ఇద్దరూ మాట్లాడుకునేది అక్కడే. ఉప్పు కలిపావా, మేత వేశావా. అంతకు మించి లేదు.

ఒకటో తారీఖున హారిక లైప్‌జిగ్ వెళ్ళిపోతోంది. అక్కడ ఉద్యోగం, చిన్న ఫ్లాట్ రెండూ కుదిరాయి. వెళ్ళేలోగా చేపలకి ఒక చోటు చూసిపెట్టాలని ఆమె పట్టు.

వెళ్ళొద్దని చెప్పాలని శశికాంత్‌కి ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. బాధగా కూడా లేదు. పంటికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక చెంప ఉన్నట్టు ఉంది, అంతే.

తిరుగు ప్రయాణంలో యూ-బాన్ రైల్లో, ఎనిమోన్ సంచీకి చలి తగలకుండా జాకెట్ కప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురు సీటులోని ముసలావిడ పసిబిడ్డేమో అని తొంగిచూసి, కంగారుగా తల తిప్పుకుంది. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ నవ్వేవాళ్ళే.

సాయంత్రం దాన్ని రాయి సందులో దించారు. ఇద్దరి చేతులూ మోచేతులదాకా నీళ్ళలోనే. ఒకసారి తగిలాయి కూడా.

ఎనిమోన్ కాసేపు ముడుచుకుని, మెల్లగా విచ్చుకుంది. చేపలు రెండూ దూరంగా మూలనే తిరుగుతున్నాయి.

"పోతలేవు" అన్నాడు.

"వెంటనే వెళ్ళవు. ఒక్కోసారి వారాలు పడుతుంది. నువ్వు కంగారుపడి తోలకు."

"అవి పోయేదాక ఉంటవా?"

హారిక తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆగింది.

"అడగాలనుకున్నది అదేనా?"

శశికాంత్ నీళ్ళకేసి చూశాడు. మోటారు తిరుగుతోంది.

"గదే" అన్నాడు.

ఆమె తలూపి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

సోమవారం ఉదయం ఫ్యామిలీ కోర్టులో, విడాకులు ఇచ్చే ముందు అక్కడి చట్టం ప్రకారం, ఈ ఏడాదంతా ఒకే ఇంట్లో ఉన్నా విడివిడిగానే బతికారా అని జడ్జి అడిగితే, భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే అవునన్నారు.