గిజిగాళ్ల ముడి సభ

బావి మీదికి వంగిన ఈతచెట్టుకి గిజిగాళ్ల గూళ్లు ఒకదానికింద ఒకటి ముడిపడి వేలాడేవి. పైముడి జారితే కింద గూళ్లన్నీ నీళ్లపాలే. అందుకే ముడి తీరు మార్చాలంటే సభ పెట్టాలి, అందరూ ఒప్పుకోవాలి. సభలో ఎవరైనా మాట్లాడొచ్చు.

ఒకరోజు పసుపుతల అనే గిజిగాడు, "సగం గడ్డితోనే బిగిసే ముడి కనిపెట్టాను" అంటూ నమూనా గూడొకటి ఈతమట్ట చివర కట్టి చూపించాడు.

సభ మూడు రోజులు సాగింది. ముడికి పేరేం పెట్టాలని ఒక రోజు పట్టింది. గడ్డిని కుడికి తిప్పాలా ఎడమకా అని రెండు రోజులు. చివరికి మగపిట్టలన్నీ సరేనన్నాయి.

అప్పుడు ఒక ఆడపిట్ట ఎగిరొచ్చి, నమూనా గూటికి వేలాడి గట్టిగా ఊగింది. ముడి జారింది. గూడు బుడుంగుమని బావిలో పడింది.

పసుపుతలకి ఒళ్లు మండింది. "అభ్యంతరముంటే సభలో చెప్పాలి గానీ, ఇలా ఊగుతావేంటక్కా?"

"మీకది మాట్లాడుకునే గూడు తమ్ముడూ. నేను అందులో గుడ్లు పెట్టాలి."

ఆనాటి నుంచి, కొత్త ముడి తెచ్చినవాడు ముందు దానికి వేలాడి, అక్కణ్ణుంచే మాట్లాడాలి. సభలిప్పుడు తొందరగా ముగుస్తున్నాయి.