గొడుగు తాత

"అమ్మా, గేటు దగ్గర ఉంటాడే గొడుగు తాత, ఇవాళ నన్ను పిచ్చుకా అని పిలిచాడు."

కుట్టుమిషను మీద తల్లి కాలు టక్కున ఆగిపోయింది.

పిచ్చుక అన్నది ఇంట్లో ముద్దుపేరు. బళ్ళో ఎవరికీ తెలియదు.

"నువ్వే చెప్పావా?"

"లేదమ్మా. 'పిచ్చుకా, లారీ పోనీ, అప్పుడు దాటు' అన్నాడు."

తల్లి కుట్టు వదిలేసి పాపను దగ్గరకు లాక్కుంది.

రెండు నెలల క్రితం వరకూ ఆమెకు ఈ బాధ లేదు. పాప తాము వెళ్ళే ప్రార్థనా మందిరం ఆవరణలోని చిన్న బళ్ళో చదివేది. అక్కడ పంతులమ్మ మొదలు గంట కొట్టే ఆయన వరకూ అందరూ తెలిసినవాళ్ళే. మూడో తరగతికి వచ్చేసరికి భర్త పట్టుబట్టి పెద్దరోడ్డు అవతల బళ్ళో వేశాడు.

"ఉప్పు డబ్బాలోనే దాచుకుంటే కూరలో పడేదెప్పుడే? ఎప్పుడూ మనవాళ్ళ మధ్యే పెంచితే, బయటివాళ్ళను ప్రేమించడం దీనికెలా తెలుస్తుంది?" అన్నాడు.

ఆయన కుళాయిలు బాగుచేసే మనిషి. ఊళ్ళో అందరిళ్ళకూ వెళ్తాడు. ఆయన కంటికి అందరూ మంచివాళ్ళే.

ఆమె అలా కాదు. బడి మార్చిన వారం ఆమెకు తిండి సయించలేదు, కంటికి కునుకు లేదు. మోకాళ్ళు కాయలు కాసేలా ప్రార్థించింది. అదీ చాలదని మందిరంలో ప్రార్థన పెట్టెలో చీటీ రాసి వేసింది.

భయం తగ్గలేదు సరికదా, ఆ పై వారం నుంచే ఈ గొడుగు తాత బడి గేటు దగ్గర మొలిచాడు.

పొడుగ్గా, మాసిన గడ్డంతో ఉంటాడు. ఎండైనా మబ్బైనా చేతిలో నల్లగొడుగే. ఏ పిల్లనూ దింపడానికి రాడు. పొద్దున ఆమె పాపను తీసుకెళ్ళేసరికి అక్కడే నిలబడి ఉంటాడు. చూపు పిచ్చుక మీదే. పెదాలు మాత్రం ఏదో గొణుగుతూనే ఉంటాయి.

సాయంత్రం పాప పక్కింటి పిల్లలతో కలిసి వస్తుంది. అప్పుడూ ఉంటాడన్నమాట!

భర్త ఇల్లు చేరగానే ఆమె బావురుమంది.

"పేరు కూడా పట్టుకున్నాడండీ! రేపే దీన్ని మానిపించేస్తాను. పాత బళ్ళోనే చదువుకుంటుంది."

"నేను మాననమ్మా!" అంది పిచ్చుక.

"ముందు ఆయన్ని పలకరించి చూడవే," అన్నాడు భర్త. "ఎవరో ఏమిటో తెలుస్తుంది. ఆ తర్వాత నీ ఇష్టం."

మర్నాడు పొద్దున, పాప చెయ్యి గట్టిగా పట్టుకుని ఆమె ఆయన ముందు నిలబడింది.

"మా పాప పేరు మీకెవరు చెప్పారు?"

ముసలాయన కంగారుపడ్డాడు.

"ఎవరూ చెప్పలేదమ్మా. నిన్న పొరపాటున నోరు జారాను."

"మరెలా తెలిసింది?"

"అది చెప్పకూడదమ్మా."

"చెప్పకూడదా?"

"అలా అని ఒప్పుకున్నాను. పాపకేం భయం లేదు. నన్ను నమ్ము తల్లీ."

ఉన్న కాస్త ధైర్యమూ ఆ మాటతో పోయింది. ఆమె గొంతు చించుకుని అరిచింది.

నలుగురూ మూగారు. వాచ్‌మన్ ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. ఎవరో ఫోన్ చేస్తే పోలీసు జీపు వచ్చింది. ఎంత గద్దించినా ఆయన నోరు విప్పలేదు. జీపు ఎక్కిస్తుంటే గొడుగు కిందపడింది. తీసుకోబోతే తీసుకోనివ్వలేదు.

మర్నాటి నుంచి గేటు దగ్గర ఎవరూ లేరు. ఆమె హమ్మయ్య అనుకుంది.

రెండు రోజులు పోయాక పాప సాయంత్రం ఆలస్యంగా వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఇంత పొద్దుపోయిందేమే?"

"రోడ్డు దాటలేకపోయామమ్మా. లారీలు ఆగలేదు."

"ఇన్నాళ్ళూ ఎలా దాటావు?"

"గొడుగు తాత గొడుగు అడ్డంపెట్టి ఆపేవాడుగా! నన్నొక్కదాన్నే కాదు, అందరినీ దాటించేవాడు."

ఆ సాయంత్రం ఎంతకీ సూదిలో దారం ఎక్కలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"ఎవరి చీటీ ఎవరికి వెళ్ళిందో చెప్పకూడదన్నది మన పద్ధతి. పెట్టెలోంచి తీసుకున్నవాళ్ళు గుట్టుగా ప్రార్థన చెయ్యాలి, అంతే. కానీ ఈ చేతిరాత నీదిలా ఉంటే అడుగుతున్నానమ్మా."

పాస్టరమ్మ చేతిలో నలిగిన కాగితం ఉంది.

"తెల్లవారుజాము ఆరాధనకు ఒకాయన వచ్చేవాడు. నువ్వు చూసి ఉండవు. ఒకప్పుడు లారీ నడిపేవాడట. చీటీ తీసుకుంటే ప్రార్థన చేసి ఊరుకునే రకం కాదు. పోలీసులు వదిలిపెట్టాక మొన్న వచ్చి ఇది తిరిగిచ్చేసి, చెల్లెలి ఊరికి వెళ్ళిపోయాడు."

"ఎందుకు?" అని అడిగింది తల్లి.

"'నన్ను చూస్తే ఆ తల్లి హడలిపోతోంది, ఈ బిడ్డను ఇంకెవరికైనా అప్పగించండి' అన్నాడు."

ఆమె కాగితం విప్పింది. అక్షరాలు తనవే. పాప ముద్దుపేరు, మూడో తరగతి, రెండు జడలు, నీలం సంచి... దేవుడు ఎక్కడ పోల్చుకోలేడోనని ఆనవాళ్ళన్నీ రాసింది తనే.

వాటి కింద ఒక్క వాక్యం ఉంది: "ప్రభువా, అక్కడ మాకు తెలిసినవాళ్ళెవరూ లేరు, ఆ రోడ్డు దగ్గర నీ మనిషిని ఒక్కరిని నిలబెట్టు."