పట్టీ చెప్పిన తృప్తి

సువర్చలకు సిజేరియన్ అయి నాలుగు రోజులైంది. ఆపరేషన్‌తో తల్లి తృప్తి పడిందని మనసు చదివే చేతి పట్టీ పచ్చగా వెలిగి చెబితే తప్ప ఏ ఆసుపత్రీ ఇంటికి పంపని రోజులవి. ఆమె "బాగా చేశారు" అన్నప్పుడల్లా పట్టీ ఎర్రబడుతోంది.

"పాప బాగుంది, నువ్వూ బాగున్నావు. ఇంకేం కావాలే నీకు?" అని భర్త శేషు విసుక్కున్నాడు.

నర్సు ఎస్తేరు అతన్ని బయటికి పంపి తలుపు వేసింది. "నిజం చెప్పమ్మా, ఏం జరిగింది?"

సువర్చల మెల్లగా చెప్పింది. "మత్తు సరిగ్గా ఎక్కలేదండీ. కోస్తుంటే తెలిసింది. నొప్పి అని అరిచాను. భయంతో అలా అనిపిస్తుందిలే అన్నారెవరో."

ఎస్తేరు మంచం అంచున కూలబడింది. "మాస్కులో గుర్తుపట్టలేదు నువ్వు. ఆ మాటన్నది నేనేనమ్మా. మత్తు చాలిందని మిషను చూపించింది, నేను దాని మాటే పట్టుకున్నాను. తప్పు నాదే."

సువర్చల ఇన్ని రోజుల్లో మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది. ఏడ్చాక గుండె తేలికపడింది. వెంటనే పట్టీ పచ్చగా వెలిగి, గోడ మీది తెరపై 'ఆపరేషన్‌తో పూర్తి తృప్తి' అని పడింది.

"ఆపరేషన్‌తో కాదండీ!" అని ఆమె లేవబోయింది.

ఎస్తేరు ఆమెను ఆపి, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టింది.

"మీ ఉద్యోగం పోతుందేమోనండీ."

"ఆ రోజూ ఆ భయంతోనే మిషను మాట విన్నాను," అంటూ ఎస్తేరు కాగితాన్ని ఆమె చేతిలో పెట్టింది.