పటంలో లేని గుహ

అల్లుడుగారికి,

తొమ్మిదేళ్ల కిందట నలుగురి ముందు నన్ను నవ్వులపాలు చేశారు. గని అడుగున మీరు పెట్టిన ప్రయోగశాలకు తూర్పున, కాస్త పైన, నేను గనిలో పనిచేసే రోజుల్లో యజమాని దొంగచాటుగా నా చేత తవ్వించిన పెద్ద గుహ ఉందన్నాను. "మామయ్యా, పటంలో లేనిది కొండలో ఎక్కడుంటుంది?" అన్నారు.

నిన్న అమ్మాయి సంబరంగా వచ్చింది. "నాన్నా, ఆకాశం నుంచి మ్యూయాన్లనే రేణువులు రాతిలోంచి దిగుతాయి. అవి రాతికి తగిలి న్యూట్రాన్లను లేపుతాయి. అవే మా కొలతలకు పీడ. తూర్పువైపు రెండూ నెలనెలా తగ్గుతున్నాయి. మీ అల్లుడు అందరికీ టీ ఇప్పించారు!"

"ఎందుకు తగ్గుతాయే?"

"పైన బరువు పెరిగితే తగ్గుతాయి. కొండేమన్నా పెరుగుతుందా!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కొండ పెరగదు. నా గుహలోకి నీళ్లు చేరుతున్నాయి, పెరిగే బరువు వాటిదే. దానికీ మీ ప్రయోగశాల పైకప్పుకీ మధ్య రాయి నాలుగు బారలే.

అమ్మాయికి చెబితే, "ఇంకా ఆ పాత కోపమేనా నాన్నా?" అని విసురుగా వెళ్లిపోయింది. మీరు ఫోను ఎత్తరు.

ముందు మనుషుల్ని పైకి తీయించండి. నా మాట తప్పయితే అందరూ చూస్తుండగా మీ కాళ్లు పట్టుకుంటాను. గురువారం సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి. శుక్రవారం అమ్మాయి డ్యూటీకి దిగుతుంది.