బయటి గడియ

"గడియ లోపల కాదయ్యా, బయట పెట్టు!" ఇంటాయన కేకేశాడు.

వడ్రంగి చేతిలో డ్రిల్లింగ్ మిషన్ ఆగిపోయింది. "పిల్లాడి గదన్నారు కదా సార్?"

"పిల్లాడా? పిల్లాడు కాదు, పిడుగు! ఇదిగో చూడు." ఆయన కుడి మణికట్టు చాపాడు. ఎముక విరిగి, వంకరగా అతుక్కుని ఉంది. "ఇనప రాడ్డుతో కొట్టాడు. అందుకే జువైనల్ హోమ్‌లో పడేశారు. ఇవాళ వదిలేస్తున్నారట. రానీ! అక్కడ రాని బుద్ధి ఇక్కడ నేను తెప్పిస్తా."

ఈయన వాడికి మారుతండ్రి. వాడు వెళ్లిన రోజు నుంచీ ఈ రోజు కోసమే పళ్లు నూరుతున్నాడు. కిటికీకి చెక్కలు కొట్టించాడు. ఫ్యాను పీకించాడు. మంచం తీయించి, నేల మీద ఓ పాత దుప్పటి పడేయించాడు. రాజుగారికి విడిది ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయి, ఒక్క గడియ తప్ప.

కన్నతల్లి అయినా అడ్డు చెబుతుందేమోనని వడ్రంగి, గుమ్మం పక్కన నిలబడ్డ ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ గడియను చేత్తో ఊపి చూసి, పెదవి విరిచింది. "ఇదేం ఆగుతుంది? రెండు తన్నులు తంతే ఊడొస్తుంది. ఇంకా లావుది లేదా?"

"ఉందమ్మా. గోదాములకి వేసేది."

"అదే వెయ్యి. లోపలి వైపు పిడి కూడా పీకెయ్యి."

"చూశావా! కన్నతల్లే అంటోంది!" ఇంటాయన తొడ చరిచాడు. "కోర్టులో ఏం చెప్పాడో తెలుసా వాడు? నేను వాళ్లమ్మని గొడ్డుని బాదినట్టు బాదుతున్నానట. అడ్డమొచ్చి కొట్టాడట. ఎవడైనా నమ్మాడా? ఏమే, నువ్వే చెప్పు!"

"ఎవరూ నమ్మలేదండీ," అంది ఆవిడ, కిందపడిన చెక్కపొట్టు ఊడుస్తూ.

ఛీ, ఇదేం తల్లి! వడ్రంగికి ఒళ్లు మండిపోయింది. మనకెందుకొచ్చిన గొడవ, పని కానిచ్చి పోదామనుకుని గబగబా స్క్రూలు బిగించాడు.

"ఇక లోపల్నుంచి ఏనుగు తోసినా రాదు," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

"బాగానే ఉంది గానీ..." ఆవిడ వీధి గేటు వైపు చూసింది. "వాడు లోపల అరిస్తేనో? వాణ్ణి తీసుకొచ్చే ఆఫీసరమ్మ చెవిన పడిందంటే మన కొంప మునుగుతుంది."

ఇంటాయన గడ్డం గోక్కున్నాడు. "అవునే, అదీ నిజమే. నువ్వు లోపలికెళ్లి అరిచి చూడు. నేను గేటు దగ్గర నిలబడి వింటా."

"నేనెంత అరిచినా పక్కింటివాళ్లకే ఎప్పుడూ వినబడలేదు కదండీ. వాడిది మగగొంతు. మీరైతే సరిగ్గా తెలుస్తుంది."

పెళ్లాం బుర్రకి ఈ మాత్రమైనా తట్టినందుకు ముచ్చటపడి, ఇంటాయన మీసం దువ్వుకుంటూ లోపలికెళ్లాడు.

గడియ పడింది. దాని వెనకే తాళం కూడా పడింది.

"అరుస్తున్నానే! వినబడుతోందా?"

ఆవిడ గేటు దాకా నడిచింది. "ఊహూ! ఇంకా గట్టిగా!"

ఇంకా గట్టిగా అరిచాడు. తర్వాత "చాల్లే, తియ్యి!" అన్నాడు. ఆవిడ వెనక్కి వచ్చింది గానీ, గడియ తియ్యలేదు. తలుపు మీద దబదబా గుద్దులు మొదలయ్యాయి.

వడ్రంగి తలుపు వైపు అడుగు వేయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు చూశాడతను, మోచేతి పైన నల్లగా కమిలిన వాతలు. సంచీ కింద పెట్టి, ఆవిడ పక్కనే నిలబడ్డాడు.

జీపొచ్చి గేటు ముందు ఆగింది. ఆఫీసరమ్మ దిగింది. వెనకే చిన్న బ్యాగుతో కుర్రాడు దిగాడు గానీ, గేటు బయటే ఆగిపోయాడు.

తన గోలలో తానున్న ఇంటాయనకి జీపు చప్పుడు వినబడలేదు. "తియ్యవే! మొన్న తిన్న తన్నులు చాల్లేదా నీకు? ఆ రోజు కోర్టులో నోరెత్తి ఉంటే అప్పుడే నీ పీక పిసికేసేవాణ్ణి! రానీ నీ కొడుకుని, ఇద్దర్నీ ఈ గదిలోనే పాతరేస్తా!"

కుర్రాడు పరిగెత్తుకొచ్చి తల్లిని పట్టుకున్నాడు. ఆఫీసరమ్మ ఫోన్ తీసి పోలీసులకి కబురు చెప్పింది.

"ఏంటమ్మా ఇది? గదికి బయట గడియేంటి?" అంది.

ఆవిడ తాళంచెవి ఆఫీసరమ్మ చేతిలో పెట్టి, కొడుకు తల నిమిరింది.

"మావాడి కోసమని మా ఆయన దగ్గరుండి చేయించారండీ. తీరా చూస్తే, ఆయనకే అతికినట్టు సరిపోయింది."