ఒక్క తొర్ర గింజలు

పొగమంచు ఇంకా విడవని కొలను ఒడ్డున నెమలి మాస్టారు ఎగరడం నేర్పే బడి పెట్టాడు. ఏడాది ఫీజు గింజలూ ముందే కట్టాలి. మొన్ననే సగం కట్టిన గువ్వ, మిగతా సగం మూట కట్టుకుని పిల్లతో వచ్చింది. వానాకాలానికి వాళ్ళకున్నవి అవే.

"చూడమ్మా, తొర్ర నిండా గింజలే! మన బడికేం లోటు?" అంటూ నెమలి పక్కనున్న చెట్టు తొర్ర చూపించి, పింఛం విప్పాడు.

"అమ్మా, ఎన్ని కళ్ళో!" అంది పిల్ల, కలలో ఉన్నట్టు.

చెట్టు మొదట్లో పందికొక్కు కునుకుతోంది.

"అన్నయ్యా, నీకిక్కడేం పని?" అంది గువ్వ.

"కాపలా, చెల్లెమ్మా. మీ మాస్టారు నా దగ్గర మూడు తొర్రల గింజలు అప్పు తీసుకున్నాడు."

గువ్వ లెక్క వేసుకుంది. ఉన్నది ఒక్క తొర్ర. అదంతా ఇచ్చేసినా ఇంకా రెండు తొర్రల బాకీ. ఆ ఒక్క తొర్రలోవీ పిల్లలు కట్టినవే.

"నా సగం ఇచ్చెయ్యండి మాస్టారూ."

"కట్టినవి తిరిగివ్వడం మా బడిలో లేదమ్మా."

గువ్వ మూట తీసుకుని, పిల్లను గెంతించుకుంటూ పై కొమ్మకు చేరింది.

"మరి నాకు ఎగరడం?" అని అడిగింది పిల్ల.

గువ్వ మూటను కొమ్మకు తగిలించింది.

"నా రెక్కలు చూస్తూ దూకు."

కింద మంచు దూదిలా పరుచుకుని ఉంది. కాసేపటికి అందులోంచి రెండు జతల రెక్కల చప్పుడు వినిపించింది.