దోమ వాలిన చెయ్యి

గురవయ్య రక్తం చేదంట, అందుకే దోమలు కుట్టవంట అని పక్కచేను ప్రమీలమ్మ ఊరంతా చాటింది. మిరప కల్లంలో కాపలా పడుకున్న రాత్రి ఆ మాట చెప్పి అతని భార్య నాగమణి నవ్వింది. గురవయ్యా నవ్వాడు. మూడు రకాల పురుగుమందులు బకెట్లో పోసి, పుల్లతో అయితే సరిగ్గా కలవవని మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపే మనిషి అతను.

నాగమణి ఒళ్ళో ఏడు నెలల పాపను దోమలు పీకుతున్నాయి.

"ఇటియ్యవే. నా దగ్గరైతే కుట్టవుగా," అని గురవయ్య చేతులు చాచాడు.

అప్పుడే ఒక దోమ అతని ముంజేతి మీద వాలింది. అతను కొట్టలేదు. చూస్తుండగానే అది కాళ్ళు ముడుచుకుని పట్టా మీద రాలింది. ఇంకోటి వాలింది. అదీ రాలింది. కల్లం చుట్టూ కీచురాళ్ళ చప్పుడు కూడా లేదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

నాగమణి పాపను గుండెకు అదుముకుని వెనక్కి జరిగింది.

"ఏందే ఆ చూపు? సబ్బుతో కడుక్కొస్తాలే," అన్నాడు గురవయ్య, చాచిన చేతులు దించకుండానే.

"ఏడేళ్ళ నుంచి కడుగుతానే ఉన్నావు కదయ్యా," అంది నాగమణి.